విద్యార్థుల ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగస్వామ్య వర్గాలతో సమాచార ప్రణాళిక: పత్తిలో గులాబి రంగు పురుగు నిఘా యాప్ ఉదాహరణగా ఒక అధ్యయన పాఠం

సారాంశం

వ్యవసాయ, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి రైతుల కోసం రూపొందించే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో శ్రద్ధ ఎక్కువగా ప్రోగ్రాము రచన మీదనే ఉంటుంది. ఎవరిని, ఏ విషయం, ఎప్పుడు అడగాలి, వచ్చిన జవాబును ఎక్కడ నమోదు చేయాలి అనే అంశాలు ముందుగా నిర్ణయం కావు. పత్తిలో లింగాకర్షక బుట్టల లెక్కలను నమోదు చేసి హెచ్చరికలు పంపే యాప్‌ను ఉదాహరణగా తీసుకొని, భాగస్వామ్య వర్గాల గుర్తింపు, నిర్ణయాల పట్టిక, పంట కాలంతో సమన్వయం, భాష, సమ్మతి, పొరపాట్ల సవరణ, అప్పగింత అనే అంశాలను ఈ పాఠంలో వివరించడమైనది. సమాచార ప్రణాళికను సమావేశాల జాబితాగా కాక నిర్ణయాల జాబితాగా రాయాలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: భాగస్వామ్య వర్గాలు, సమాచార ప్రణాళిక, విద్యార్థి ప్రాజెక్టు, లింగాకర్షక బుట్టలు, వ్యవసాయ విస్తరణ

1. ఉపోద్ఘాతం

సమాచార సాంకేతికతను రైతు ముంగిటికి చేర్చే ప్రయత్నాలు తెలుగు ప్రాంతాలకు కొత్త కావు. 2004 జనవరి 21న దేశవ్యాప్తంగా కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆధ్వర్యంలో వరంగల్ ప్రాంతపు పత్తి రైతులతో ‘ఈ-సాగు’ ప్రయోగం మొదలైంది. అందులో శిక్షణ పొందిన క్షేత్ర సమన్వయకర్తలు పొలాల ఫోటోలు తీసి పంపగా, వ్యవసాయ నిపుణులు వాటిని పరిశీలించి, రైతు అడగకుండానే అతని పొలానికి తగిన సలహా పంపేవారు. కంప్యూటరు కంటే ముందు రైతుకూ నిపుణునికీ మధ్య ఒక మనిషిని నిలిపి, ఎవరు ఎవరికి ఏమి చెప్పాలో నిర్ణయించడం ఆ ప్రయోగంలో గమనించదగిన విషయం.

నేడు విద్యార్థులు చేపట్టే ప్రాజెక్టులలో సాంకేతిక వసతులు అప్పటికంటే ఎంతో మెరుగుగా ఉన్నాయి. అయినప్పటికీ సమాచార సంబంధాల విషయంలో వారు తరచు రెండు పద్ధతులలో ఒకదానిని అనుసరిస్తారు. ప్రారంభంలో ఒక ప్రశ్నావళితో గ్రామానికి వెళ్లి, చివరలో పూర్తయిన యాప్‌ను చూపడం మొదటిది. అందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చి, అన్ని విషయాలనూ అందులో పెట్టడం రెండవది. మొదటి దానిలో మధ్యకాలంలో తలెత్తే సందేహాలకు విద్యార్థులే ఊహతో జవాబు రాసుకుంటారు. రెండవ దానిలో సమాచారం వెళుతుందిగాని, జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

సస్యరక్షణకు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌లో ఇటువంటి ఊహలకు మూల్యం రైతు చెల్లిస్తాడు. హెచ్చరిక అనవసరంగా వెళితే ఒక పిచికారీ ఖర్చు దండుగ అవుతుంది. హెచ్చరిక ఆలస్యమైతే పంట దెబ్బతింటుంది. గులాబి రంగు పురుగు లార్వా కాయలోనికి చొచ్చుకుపోయిన తరువాత ప్రవేశ రంధ్రం పూడిపోతుంది. ఆ దశలో పైనుంచి చల్లిన మందు దానిని చేరదు. కనుక ఈ పురుగు విషయంలో సరైన సమయానికి వచ్చిన సమాచారమే సస్యరక్షణలో సగభాగం.

2. మూల భావనలు

భాగస్వామ్య వర్గాలు, అనగా స్టేక్‌హోల్డర్లు, అనే భావనకు నిర్వహణ శాస్త్రంలో విస్తృత ప్రాచుర్యం కల్పించినది 1984లో వెలువడిన ఎడ్వర్డ్ ఫ్రీమన్ గ్రంథం. ఒక సంస్థ లక్ష్యసాధనను ప్రభావితం చేయగలవారు, దానివల్ల ప్రభావితమయ్యేవారు ఇద్దరూ ఈ నిర్వచనంలోకి వస్తారు. విద్యార్థులు సాధారణంగా మొదటివారిని, అనగా మార్కులు వేసేవారిని, అనుమతి ఇచ్చేవారిని వెంటనే గుర్తిస్తారు. రెండవవారు మరుగున పడిపోతారు.

పాఠ్యపుస్తకాలలో ఎక్కువగా కనిపించేది మెండెలో పేరుతో ప్రసిద్ధమైన అధికారం-ఆసక్తి చతురస్రం. అధికారం, ఆసక్తి రెండూ ఎక్కువగా ఉన్నవారితో సన్నిహితంగా ఉండాలని, రెండూ తక్కువగా ఉన్నవారిని కేవలం గమనిస్తూ ఉంటే చాలునని అది సూచిస్తుంది. దీనిని యథాతథంగా వ్యవసాయ ప్రాజెక్టుకు వర్తింపజేస్తే ప్రాజెక్టుపై ఏ అధికారమూ లేని రైతు వెనుక వరుసలోకి వెళతాడు. 1997లో మిచెల్, ఏగిల్, వుడ్ ప్రతిపాదించిన నమూనా ఇక్కడ ఎక్కువ ఉపయోగకరం. అది అధికారం, న్యాయబద్ధత, అత్యవసరత అనే మూడు లక్షణాలను పరిశీలిస్తుంది. న్యాయబద్ధత, అత్యవసరత ఉండి అధికారం మాత్రం లేనివారిని ‘ఆధారిత’ వర్గంగా పేర్కొంటుంది. తమ మాట నెగ్గాలంటే వీరికి అధికారం ఉన్న మరొకరి అండ అవసరం. రైతు సరిగ్గా ఈ వర్గానికే చెందుతాడు. ఆ అండను ఎవరు, ఏ విధంగా ఇస్తారో ప్రణాళికలో రాయవలసి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ రంగం నుంచి మరి రెండు భావనలు ఇక్కడ అవసరం. ఒక సంస్థ రూపొందించే వ్యవస్థ ఆ సంస్థలోని సమాచార సంబంధాల నిర్మాణాన్నే పోలి ఉంటుందని మెల్విన్ కాన్వే 1968లో ప్రతిపాదించాడు. ఇంజనీరింగ్ విద్యార్థులు వ్యవసాయ విద్యార్థులతో అరుదుగా మాట్లాడే జట్టులో నమోదు భాగం ఒక తీరుగా, సలహా భాగం మరొక తీరుగా తయారవడం ఇందుకు నిదర్శనం. జట్టులో ‘న’ మంది ఉంటే వారి మధ్య న(న-1)/2 సమాచార మార్గాలు ఏర్పడతాయని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975 నాటి గ్రంథంలో చూపాడు. ఆరుగురికి 15 మార్గాలు. బయటి వర్గాలు ఏడింటిని కూడా కలిపి 13 మందిగా లెక్కిస్తే అవి 78కి చేరతాయి. అన్ని మార్గాలనూ తెరచి ఉంచడం సాధ్యం కాదు. ఏవి తెరవాలో ఎంచుకోవడమే ప్రణాళిక.

3. ఉదాహరణ ప్రాజెక్టు

ఈ పాఠం కోసం ఒక ప్రాజెక్టును ఊహించుకోవచ్చు. నలుగురు కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు, ఇద్దరు వ్యవసాయ కళాశాల విద్యార్థులు కలిసి పత్తి పండించే రెండు గ్రామాల కోసం ఒక యాప్ రూపొందిస్తున్నారు. రైతు తన పొలంలోని లింగాకర్షక బుట్టలలో పడిన మగ రెక్కల పురుగుల సంఖ్యను అందులో నమోదు చేస్తాడు. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పురుగులు పడితే ఆర్థిక నష్ట పరిమితి చేరినట్లు పరిగణించి యాప్ హెచ్చరిక పంపుతుంది.

వినడానికి ఈ నియమం సులభంగా కనిపిస్తుంది. దానిని ప్రోగ్రాముగా రాయబోయేసరికి ప్రశ్నలు మొదలవుతాయి. ఒక పొలంలోని నాలుగు బుట్టలలో ఒక రాత్రి వరుసగా 14, 2, 3, 5 పురుగులు పడ్డాయనుకుందాం. సగటు తీసుకుంటే 6 మాత్రమే, పరిమితి దాటలేదు. అత్యధిక సంఖ్యను తీసుకుంటే 14, పరిమితి దాటింది. మరొక పొలంలో సగటు మొదటి రోజు 9, రెండవ రోజు ఖాళీ, మూడవ రోజు 10, నాలుగవ రోజు 8. ఖాళీని సున్నాగా భావిస్తే వరుస తెగిపోయి హెచ్చరిక వెళ్లదు. ‘చూడలేదు’ అని భావించి ఆ రోజును వదిలివేస్తే హెచ్చరిక వెళుతుంది.

ఈ ప్రశ్నలకు జవాబు ప్రోగ్రాము రాసే విద్యార్థి దగ్గర ఉండదు. సగటా, గరిష్ఠమా అన్నది కీటక శాస్త్రవేత్త చెప్పవలసిన మాట. ఖాళీగా వదిలిన రోజున వాస్తవంగా ఏమి జరిగిందో రైతు మాత్రమే చెప్పగలడు. ఆ రోజు వర్షం పడి ఉండవచ్చు, కూలి పనికి వెళ్లి ఉండవచ్చు, పురుగులు లేవు కనుక నమోదు చేయనక్కరలేదని అనుకొని ఉండవచ్చు. అడిగే ఏర్పాటు లేని జట్టులో మాత్రం ఒక విద్యార్థి రాత్రివేళ ఏదో ఒక పంక్తి రాసి ముందుకు సాగుతాడు. ఆ పంక్తి రెండు గ్రామాలకు సస్యరక్షణ విధానంగా మారుతుంది.

4. వర్గాల గుర్తింపు

మొదటి దశలో వర్గాల పేర్లు కాక, వారు ప్రాజెక్టుతో ఏ విధంగా ముడిపడి ఉన్నారో రాయాలి. ఉదాహరణ ప్రాజెక్టులో ఈ క్రింది వర్గాలు కనిపిస్తాయి.

సొంత భూమి రైతులు, కౌలు రైతులు: వీరిని ఒకే వర్గంగా భావించరాదు. పట్టాదారు పాసుపుస్తకం సంఖ్యతో మాత్రమే యాప్‌లో ప్రవేశం కల్పిస్తే, పొలంలో నిజంగా సాగు చేస్తున్న కౌలు రైతు బయటనే ఉండిపోతాడు. ఈ విషయం పట్టాదారును మాత్రమే అడిగిన సర్వేలో బయటపడదు.

కుటుంబంలోని మహిళలు: కలుపు తీయడం, పత్తి ఏరడం వంటి పనులలో పొలంలో ఎక్కువ సమయం గడిపేది వీరే. గుడ్డిపూలను, పుచ్చిన కాయలను ముందుగా చూసే అవకాశమూ వీరికే ఉంటుంది. ఇంటిలోని స్మార్ట్‌ఫోను మాత్రం చాలాసార్లు మరొకరి జేబులో ఉంటుంది.

క్షేత్రస్థాయి అధికారులు: తెలంగాణలో సుమారు 5,000 ఎకరాల క్లస్టరుకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి రైతు కేంద్రాలలోని వ్యవసాయ సహాయకులు ఈ వర్గంలోకి వస్తారు. వీరికి ఇప్పటికే అనేక నమోదు పనులు ఉంటాయి. కొత్త యాప్ వారి పనిని తగ్గిస్తుందా, పెంచుతుందా అన్న దానిపై వారి సహకారం ఆధారపడి ఉంటుంది.

శాస్త్రవేత్తలు: కృషి విజ్ఞాన కేంద్రం, వ్యవసాయ పరిశోధనా స్థానం, ఏరువాక కేంద్రాలలోని కీటక, విస్తరణ శాస్త్రవేత్తలు సాంకేతిక సలహాకు బాధ్యత వహిస్తారు.

పురుగుమందుల విక్రేతలు: విద్యార్థులు తరచు విస్మరించే వర్గమిది. హెచ్చరిక అందుకున్న రైతు తరువాత వెళ్లేది వీరి దుకాణానికే. యాప్ చెప్పినదానికి భిన్నంగా దుకాణదారు చెబితే, అప్పు ఇచ్చే దుకాణదారు మాటకే బలం ఎక్కువ. విక్రేతల కోసం 2003 నుంచి మేనేజ్ సంస్థ నిర్వహిస్తున్న దేశి డిప్లొమా ఈ వాస్తవాన్ని గుర్తించిన కార్యక్రమమే. వీరికి యాప్‌పై నిర్ణయాధికారం ఇవ్వనవసరం లేదుగాని, హెచ్చరిక అర్థమేమిటో సీజనుకు ముందే తెలియజేయడం అవసరం.

మార్గదర్శక అధ్యాపకులు, కళాశాల యాజమాన్యం: పరిధి, గడువు, మూల్యాంకనం వీరి చేతిలో ఉంటాయి. రెండు కళాశాలల అధ్యాపకుల అంచనాలు భిన్నంగా ఉంటే విద్యార్థులు నలిగిపోతారు. కనుక ఇద్దరినీ ఒకే సమీక్షలో కూర్చోబెట్టడం మంచిది.

5. నిర్ణయాల పట్టిక

సమాచార ప్రణాళికలలో సాధారణంగా ‘ఎవరు, ఏ మాధ్యమం, ఎంత తరచుగా’ అనే గడులు ఉంటాయి. వాటితోనే ఆగిపోతే సమావేశాలు జరుగుతాయిగాని ప్రశ్నలు తీరవు. ప్రతి సంభాషణ ఏ నిర్ణయం కోసమో ముందుగా రాయడం మేలు. ఉదాహరణ ప్రాజెక్టుకు ఆ పట్టిక ఈ విధంగా ఉంటుంది.

పట్టిక 1. నిర్ణయాల వారీగా సమాచార ప్రణాళిక

| నిర్ణయం | నిర్ణయించేవారు | అడిగే రూపం | గడువు |
|---|---|---|---|
| హెచ్చరిక సూత్రం: సగటా, గరిష్ఠమా, ఖాళీ రోజు సంగతి | కీటక శాస్త్రవేత్త | లెక్కలతో కూడిన ఒక పేజీ పత్రం, ముఖాముఖి చర్చ | మే |
| నమోదు తెర, అందులోని పదాలు | రైతులు, రైతు మహిళలు | కాగితంపై గీసిన నమూనా, పొలం వద్ద | జూన్ |
| నమోదులో సహాయం, వేళలు | క్షేత్రస్థాయి అధికారి | కార్యాలయంలో భేటీ | జూలై |
| సలహా వాక్యాలు | కీటక, విస్తరణ శాస్త్రవేత్తలు | ముసాయిదా వాక్యాలు, సంతకంతో ఆమోదం | జూలై |
| పరిధిలో మార్పులు | ఇరు కళాశాలల అధ్యాపకులు | పక్షానికొకసారి సమీక్ష | ప్రాజెక్టు కాలమంతా |
| నిర్వహణ, ఖర్చు | యాప్‌ను స్వీకరించే సంస్థ అధిపతి | రాతపూర్వక ప్రతిపాదన | సెప్టెంబరు |

ఈ పట్టికలో అడిగే రూపానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ‘హెచ్చరిక ఎలా ఉండాలి సార్?’ అని శాస్త్రవేత్తను అడిగితే సాధారణ జవాబే వస్తుంది. 14, 2, 3, 5 అనే సంఖ్యలను ఎదుట పెట్టి ‘ఈ పొలానికి హెచ్చరిక వెళ్లాలా?’ అని అడిగితే నిర్ణయం వస్తుంది. రైతు విషయంలోనూ అంతే. ‘యాప్‌లో మీకు ఏమి కావాలి?’ అనే ప్రశ్నకు మర్యాదపూర్వకమైన జవాబు దొరుకుతుంది. కాగితపు నమూనా చేతికిచ్చి ‘నిన్న మీ బుట్టలో పడిన లెక్క ఇందులో రాయండి’ అంటే, ఎక్కడ ఆగిపోయాడో విద్యార్థికి కళ్లారా కనిపిస్తుంది.

సలహా వాక్యాల విషయంలో అధికార పరిధిని స్పష్టంగా గీయాలి. పురుగుమందుల వినియోగం 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నమోదైన సిఫారసులకు లోబడి ఉండాలి. మందు పేరు, మోతాదు విద్యార్థులు అంతర్జాలం నుంచి తెచ్చి చేర్చరాదు. శాస్త్రవేత్త ఆమోదించిన వాక్యాన్ని కుదించడం, మరో మాటలో రాయడం కూడా తిరిగి ఆమోదం పొందిన తరువాతనే జరగాలి.

6. సెమిస్టరు కాలం, పంట కాలం

విద్యార్థి ప్రాజెక్టులు రైతుకు దూరం కావడానికి ఒక ముఖ్య కారణం రెండు కాలచక్రాలు కలవకపోవడం. వర్షాధార పత్తి జూన్, జూలై నెలలలో విత్తుతారు. సుమారు 45 రోజులకు, గూడ దశలో, బుట్టలు అమర్చాలి. అనగా ఆగస్టు. కాయ ఏర్పడే సెప్టెంబరు నుంచి నవంబరు వరకు నిఘా అత్యవసరం. ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి సంవత్సరపు ప్రధాన ప్రాజెక్టు సాధారణంగా డిసెంబరులో ఊపందుకొని ఏప్రిల్‌లో ముగుస్తుంది. ఈ లెక్కన యాప్ పూర్తయ్యే నాటికి పొలంలో పత్తి కట్టె కూడా మిగలదు. అప్పుడు జరిగే ‘రైతు అభిప్రాయ సేకరణ’ కేవలం ఊహాత్మకం.

కనుక ప్రణాళికను పంట కాలం నుంచి వెనుకకు లెక్కించి రాయాలి. బుట్టలు అమర్చే ఆగస్టుకు హెచ్చరిక లేకపోయినా ఫరవాలేదు, లెక్క నమోదయ్యే చిన్న రూపం సిద్ధమైతే చాలు. ఆ నాలుగు నెలల్లో వచ్చిన వాస్తవ లెక్కలతో సూత్రాన్ని సరిచూసి, మిగిలిన భాగాలను తరువాతి సెమిస్టరులో నిర్మించవచ్చు. ఆ సీజనులో లెక్కలను విద్యార్థులు శాస్త్రవేత్తకు పంపాలి. రైతుకు వెళ్లే హెచ్చరిక మాత్రం శాస్త్రవేత్త నుంచి క్షేత్రస్థాయి అధికారి ద్వారానే వెళ్లాలి. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలోని గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం ఇందుకు సహజమైన వేదిక. ఆ విద్యార్థులు గ్రామంలోనే నివసిస్తారు. ఇంజనీరింగ్ విద్యార్థులకు వారు రోజువారీ కళ్లు, చెవులు కాగలరు.

సాఫ్ట్‌వేర్ రంగంలో ప్రాచుర్యంలో ఉన్న పక్షం రోజుల పని విడతలు విస్తరణ శాస్త్రవేత్తలకు అపరిచితమేమీ కాదు. 1970ల మధ్యకాలంలో మన దేశంలో ప్రవేశించిన శిక్షణ-సందర్శన పద్ధతిలో విస్తరణ కార్యకర్త పక్షానికొకసారి, నిర్ణీత రోజున, నిర్ణీత రైతులను కలిసేవాడు. రోజు ముందే తెలియడం వల్ల రైతు తన సందేహాలతో సిద్ధంగా ఉండేవాడు. ఆ పద్ధతిలోని లోపం కూడా గుర్తుంచుకోదగినదే. సంప్రదింపు రైతులకు చేరిన సమాచారం చాలాచోట్ల వారి వద్దనే ఆగిపోయింది. విద్యార్థులు సైతం మాట్లాడడానికి అందుబాటులో ఉండే ఒకరిద్దరు అభ్యుదయ రైతుల మాటనే గ్రామాభిప్రాయంగా స్వీకరించే ప్రమాదముంది. ప్రతి విడతలో కనీసం ఒక కొత్త రైతును, ఒక మహిళను, ఒక కౌలు రైతును కలవాలన్న నియమం దీనిని కొంతవరకు నివారిస్తుంది.

7. భాష, మాధ్యమం

యాప్‌ను ఇంగ్లీషులో రాసి చివరలో తెలుగులోకి మార్చడం సాధారణంగా జరుగుతున్న పని. దీనివల్ల అర్థం తారుమారయ్యే అవకాశం ఉంది. ‘దోమ’ అన్న మాట పత్తి రైతుకు సందర్భాన్ని బట్టి పచ్చదోమ లేదా తెల్లదోమ, వరి రైతుకు సుడిదోమ, ఇంటిలో అది వేరే దోమ. విస్తీర్ణాన్ని తెలంగాణ రైతు ఎకరాలు, గుంటలలో చెబుతాడు, ఆంధ్ర రైతు ఎకరాలు, సెంట్లలో చెబుతాడు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. గడిలో ‘1.20’ అని రాస్తే అది ఒక ఎకరా ఇరవై గుంటలా, ఒక ఎకరా ఇరవై సెంట్లా అన్నది యాప్‌కు తెలియదు. మొదటిది ఎకరన్నర, రెండవది ఎకరంబావు కంటే తక్కువ. ఎకరాలకు ఒక గడి, గుంటలకు లేదా సెంట్లకు మరొక గడి ఉంచడం పరిష్కారం. ఇటువంటి పరిష్కారాలు పొలం గట్టు మీద పది నిమిషాల సంభాషణలో దొరుకుతాయి.

హెచ్చరిక చేరే మాధ్యమాన్ని కూడా ఆయా వర్గాన్ని బట్టి నిర్ణయించాలి. చదవడం రాని రైతుకు రికార్డు చేసిన స్వరం, సాధారణ ఫోను ఉన్నవారికి ఎస్ఎమ్మెస్, అధికారికి గ్రామాల వారీ పట్టిక తగినవి. వాట్సాప్ గ్రూపు సమావేశ సమయం తెలపడానికి పనికివస్తుంది. నిర్ణయాలను మాత్రం తేదీతో, నిర్ణయించినవారి హోదాతో ఒక నిర్ణయాల పుస్తకంలోకి ఎక్కించాలి. జట్టు వాడే గిట్‌హబ్ వంటి వేదికలో సంబంధిత పనికి ఆ నిర్ణయం సంఖ్యను జతచేస్తే, ఒక పంక్తి ఎందుకు ఆ విధంగా రాశారో తరువాతి జట్టుకు అర్థమవుతుంది.

8. సమ్మతి

రైతు పేరు, ఫోను నంబరు, పొలం ఉన్న చోటు వ్యక్తిగత సమాచారమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనాగాని పొందే వీలు ఉండాలి. తెలుగు ఆ భాషలలో ఒకటి. విద్యార్థులు దీనిని లాంఛనంగా కాక సంభాషణగా నిర్వహించాలి. ఏమి సేకరిస్తున్నాము, ఎవరు చూస్తారు, విక్రేతలకు ఇస్తామా, వద్దంటే ఎలా తొలగిస్తాము అన్న నాలుగు విషయాలు వాడుక మాటలలో చదివి వినిపించాలి. గ్రామసభలో అందరి ఎదుట అడిగినప్పుడు ఎవరూ కాదనకపోవడం సమ్మతి కాదు. ఒక్కొక్కరినీ విడిగా అడగవలసిందే.

9. స్పందన, పొరపాటు సవరణ

రైతులు, అధికారులు చెప్పిన ప్రతి విషయాన్ని మూడు వర్గాలుగా నమోదు చేయవచ్చు: అంగీకరించినవి, వాయిదా వేసినవి, కారణంతో తిరస్కరించినవి. తరువాతి సందర్శనలో మొదటి పని వీటిని తిరిగి చెప్పడం. తాను చెప్పినది ఏమైందో తెలియని రైతు రెండవసారి చెప్పడు. ఆ మౌనాన్ని విద్యార్థులు సంతృప్తిగా లెక్కిస్తారు.

తప్పుడు హెచ్చరిక వెళ్లినప్పుడు ఏమి చేయాలో కూడా ముందే రాసి ఉంచాలి. మొదట హెచ్చరికల పంపకాన్ని నిలిపివేయాలి. వెంటనే క్షేత్రస్థాయి అధికారికి, శాస్త్రవేత్తకు ఫోనులో చెప్పాలి. హెచ్చరిక అందుకున్న రైతులందరికీ అదే మాధ్యమంలో సవరణ పంపాలి. విక్రేతలకు తెలపాలి. తప్పిన హెచ్చరికను రికార్డు నుంచి చెరపరాదు. ఈ పనులలో ప్రతి ఒక్కదానికీ జట్టులో ఒకరి పేరు ఉండాలి. పరీక్షల కాలంలో ఆ వ్యక్తి అందుబాటులో లేకపోతే బదులు ఎవరో కూడా రాయాలి. పొరపాటును త్వరగా చెప్పిన జట్టుపై నమ్మకం తగ్గదు. దుకాణదారు ద్వారా తెలిస్తే మాత్రం ఆ నమ్మకం తిరిగి రాదు.

10. అప్పగింత

ఏప్రిల్ తరువాత విద్యార్థులు ఉద్యోగాలకు, పై చదువులకు వెళ్లిపోతారు. యాప్ ప్లేస్టోరు ఖాతా ఒక విద్యార్థి సొంత ఈమెయిలుతో ఉండడం, సర్వరు చందా అతని కార్డుకు ముడిపడి ఉండడం వంటివి అప్పుడు సమస్యగా మారతాయి. చందా ముగిసిన రోజున హెచ్చరికలు ఆగిపోతాయి, యాప్ మాత్రం రైతు ఫోనులో అలాగే ఉంటుంది. ఆగస్టులో ఆ తెరను చూసిన రైతు ‘హెచ్చరిక రాలేదు కనుక పురుగు లేదు’ అని భావించే అవకాశం ఉంది. ఆగిపోయిన హెచ్చరిక వ్యవస్థ అసలు లేనిదానికంటే ఎక్కువ నష్టం చేయగలదు.

అందువల్ల ఖాతాలను మొదటి రోజునే సంస్థ ఈమెయిలుతో తెరవాలి. స్వీకరించే సంస్థతో సెప్టెంబరులోనే చర్చ ప్రారంభించాలి. ఎవరూ స్వీకరించని పక్షంలో యాప్‌ను గౌరవంగా ముగించాలి. తేదీ ముందుగా ప్రకటించి, ప్రతి రైతుకు సందేశం పంపి, ‘ఈ సేవ నిలిపివేయబడింది, సలహాకు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరును సంప్రదించండి’ అని తెరపై కనిపించే ఏర్పాటు చేయాలి. చివరి లెక్క నమోదైన తేదీని ఎల్లప్పుడూ తెరపై చూపడం మరొక సులభమైన జాగ్రత్త.

11. విస్తరణ శాస్త్రవేత్త పాత్ర, మూల్యాంకనం

రైతుకు అధికారం లేదని, దానిని మరొకరు సమకూర్చాలని పైన పేర్కొనడమైనది. ఆ పాత్రకు తగినవారు విస్తరణ శాస్త్రవేత్తలు. ప్రాజెక్టు సమీక్షలో విస్తరణ శాస్త్రవేత్తకు సలహాదారు స్థానం మాత్రమే కాక, రైతులు అంగీకరించని తెరను వెనుకకు పంపగల అధికారం కూడా ఉంటే, రైతు మాటకు ప్రాజెక్టులో బలం చేకూరుతుంది. మార్కుల విధానంలో కూడా మార్పు అవసరం. సమావేశాల సంఖ్య, డౌన్‌లోడ్‌ల సంఖ్య కొలమానాలు కాకూడదు. పట్టికలోని నిర్ణయాలలో ఎన్ని గడువులోగా జరిగాయి, రైతుల సూచనలలో ఎన్నింటికి జవాబు తిరిగి చేరింది, సూచన వల్ల ప్రోగ్రాములో ఏమి మారింది, అప్పగింత పత్రం చదివి కొత్త జట్టు యాప్‌ను నడపగలదా అన్న ప్రశ్నలు పరిశీలనకు అర్హమైనవి.

ముగింపు

విద్యార్థుల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో మూడు చోట్ల మౌనం ఎదురవుతుంది: నమోదులో వదిలిన ఖాళీ గడి, సమావేశంలో మాట్లాడని రైతు, పనిచేయడం ఆగిపోయిన యాప్. మూడింటినీ ‘అంతా బాగుంది’ అనే అర్థంలో తీసుకోవడం సులభం, మూడు సందర్భాలలోనూ నష్టపోయేది రైతే. ఏ నిర్ణయం ఎవరిది, దానిని ఏ రూపంలో, ఏ గడువులో అడగాలి, జవాబు రాకపోతే ఏమి చేయాలి అని ముందే రాసుకున్న రెండు పేజీల పత్రం ఈ నష్టాన్ని చాలావరకు నివారించగలదు. ఆ పత్రం మొదటి ప్రోగ్రాము పంక్తికంటే ముందు, విత్తనం భూమిలో పడకముందే సిద్ధం కావలసి ఉంటుంది.

అభ్యాస ప్రశ్నలు

1. మీ ప్రాంతంలోని ఒక పంటను ఎంచుకొని, దానికి సంబంధించిన సలహా యాప్‌కు పట్టిక 1 నమూనాలో నిర్ణయాల పట్టిక తయారు చేయండి. గడువులను పంట కాలం ఆధారంగా నిర్ణయించండి.

2. ఒక పొలంలో ఐదు రోజుల బుట్టల సగటు 8, 9, ఖాళీ, ఖాళీ, 11. హెచ్చరిక పంపాలా, వద్దా అన్నది నిర్ణయించడానికి ఎవరిని, ఏ ప్రశ్న అడగాలో రాయండి.

3. అధికారం-ఆసక్తి చతురస్రంలో కౌలు రైతు స్థానాన్ని గుర్తించి, మిచెల్ బృందం నమూనాతో పోల్చి చర్చించండి.

4. స్వీకరించే సంస్థ దొరకని యాప్‌ను ముగించేటప్పుడు రైతులకు పంపవలసిన సందేశాన్ని మూడు వాక్యాలలో, వాడుక తెలుగులో రాయండి.